ఫొటోలో మీసం

పాప అమ్మకి,

నాకేం ఢోకా లేదు, కార్డు చూసి కంగారుపడకు. పని పర్మిట్ పొడిగింపు మాత్రం ఈవారం కాలేదు. సోమవారం మళ్ళీ వెళ్ళాలి.

పొద్దున ఆరింటికే ఆఫీసు గోడ వెంబడి లైనులో నిలబడ్డాను. మొహం పర్మిట్ మీది పాత ఫొటోలా లేకపోతే కిటికీ దగ్గర్నుంచి వెనక్కి పంపేస్తున్నారు. అట్నుంచి అటే సెలూనుకి పోదామని సంచీలో ట్రిమ్మర్ పెట్టుకున్నానుగా, ముందున్న ముగ్గురి గడ్డాలు మెట్ల మీదే తీసేశాను. ముగ్గురికీ పనైపోయింది. నా వంతు వచ్చేసరికి గుమాస్తా ఫొటో చూశాడు, నన్ను చూశాడు.

"మీసమేదయ్యా?" అన్నాడు.

"మా యజమాని తీయించేశాడండీ. గడ్డాలు గీసేవాడి మొహం నున్నగా ఉండాలట" అన్నాను.

"అయితే కొత్త ఫొటో పట్టుకురా, పో" అన్నాడు. వెనకాల లైనంతా ఒకటే నవ్వు. ఉన్న గడ్డం తీయగలను గానీ, లేని మీసం ఎక్కణ్ణుంచి తేను?

మా అమ్మ కంట్లో చుక్కలు రెండు పూటలా వేస్తున్నావా? వంటింటి కిటికీ గొళ్ళెం బిగించారా, లేదా? బీరువా మీది నా పాత కత్తెరలు పాపకి అందనీయకు. నువ్వు వేళకి తిను.

పర్మిట్ చేతికొస్తే రెండు నెలల్లో సెలవిస్తానన్నాడు యజమాని. నేనిటు వచ్చేనాటికి పాప నెలల పిల్ల. ఇప్పుడు గోడమీది ఫొటోలో మీసం చూపించి నాన్న అంటోందని రాశావు. అందుకని సోమవారం పని కాగానే మీసం పెంచుతాను, యజమాని సణిగితే సణగనీ. అమ్మకి నమస్కారాలు. కొత్త ఫొటో ఆఫీసులో చెల్లుతుంది గానీ, పాప దగ్గర చెల్లదు.

ఇట్లు,
పాప నాన్న