రేవుకు తిరిగొచ్చిన తెడ్డు

1979, కార్తీకం, బుధవారం రాత్రి

బావగారు పోయి నెల దాటినా, ఆయన పడవ తెడ్డు సంగతి అక్క తేల్చుకోలేకపోయింది. ఇంట్లో ఉంటే చూసి ఏడుస్తుంది. ఇంకొకరి చేతిలో చూడలేనంటుంది.

పొద్దున్న ఆమెకు లైబ్రరీ పుస్తకంలో చదివిన కెల్టుల గురించి చెప్పాను. రెండు వేల ఏళ్ల కిందట ఐరోపాలో ఉండేవారు. తమ కత్తుల్లో మేలైనదాన్ని, మరెవరూ వాడకుండా వంచి, ఏటికో చెరువుకో సమర్పించేవారట. పాతబడ్డది కాదు, మేలైనది. ఎంత గొప్ప మనసు!

"అంత మంచి కత్తినీ వంచేసేవోరేంట్రా?" అంది అక్క. తెడ్డు వైపు చూసి, "పదరా, రేవుకెళదాం" అంది.

గోదావరి పాయ వైనతేయలో తెడ్డు వదిలి దణ్ణం పెట్టాం. అది సముద్రం వైపు సాగిపోయింది. అక్క మాత్రం మెట్ల మీంచి లేవలేదు. ఇనుము మునుగుతుంది, కర్ర తేలుతుందన్న మాట ఇద్దరికీ తట్టలేదు. మధ్యాహ్నం సముద్రం పోటెక్కి నీరు ఎదురు తిరిగేసరికి తెడ్డు నెమ్మదిగా వెనక్కొచ్చి, మా కాళ్ల దగ్గరి మెట్టుకు తగిలి ఆగింది.

నాకు తల కొట్టేసినట్టయింది. అక్క మాత్రం పకపకా నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో!

"మీ బావగారు అంతేరా! ఎంత దూరమెళ్లినా అన్నం వేళకి వచ్చేసేవోరు."

తెడ్డు తనే భుజాన మోసుకొచ్చి తలుపు పక్కన నిలబెట్టింది. దాని ఎదురుగా కూర్చుని కడుపునిండా తింది.

రేపు పుస్తకం తిరిగి ఇవ్వాలి. ఇంకో వారం అడిగి చూడాలి. ఆ కత్తుల సంగతి అక్క మళ్లీ చెప్పమంది.