అక్క చుక్కలు

గురువారం, రాత్రి

ఇవాళ అత్తమ్మ కేసముద్రంలో నా ఎడమ మణికట్టు మీద మూడు చుక్కల పచ్చబొట్టు పొడిపించింది. మా ఆయన మొదటి భార్యకు, అంటే చనిపోయిన అక్కకు, అదే చోట అవే చుక్కలు ఉండేవట.

"గవి నీకుంటె సచ్చినామె నిన్ను తన మనిషే అనుకుంటది. నీ జోలికి రాదు బిడ్డా," అంది.



పెళ్లయినప్పటి నుంచి అక్క కూతురు నా పక్కన పడుకోనేలేదు. ఇవాళ కరెంటు పోగానే తనే వచ్చింది. చీకట్లో నా చేయి తడిమి, ఉబ్బిన చుక్కల మీద వేలు పెట్టింది.

"ఎప్పుడచ్చినవే అమ్మా?"

నేను చిన్నమ్మనని చెప్పాలనుకున్నాను.

"ఇప్పుడే బిడ్డా," అన్నాను. ఆ గొంతు నాదిలా లేదు.

పాప నిద్రపోయింది. దీపం వెలుగులో కుడిచేత్తో ఇది రాస్తున్నాను. పాప వేళ్లు వదిలేసినా ఎడమచేయి ఇంకా తన దగ్గరే ఉంది. వెనక్కి తీసుకుందామంటే రావడం లేదు.