ఎవరికీ చేరని పాటలు

పిన్నీ,

మన వెబ్‌సైటులో పెట్టిన నీ పాటల రికార్డింగు గురించి బాబాయి తప్ప ఎవరూ ఒక్క మాటా అనలేదని, ఇక పాడనని భీష్మించుకుని కూర్చున్నావట. తప్పు నీ గొంతుది కాదు. అది చాలా పెద్ద ఫైలు. సర్వరు దాన్ని మొత్తంగా మెమరీలో నింపుకున్నాకే పంపాలని చూసి, మోయలేక ప్రతిసారీ చతికిలబడింది. ఇప్పుడు చదివిన ముక్కను చదివినట్టే పంపేసి, ఆ చోటు ఖాళీ చేసుకునేలా మార్చాను. నిన్నటిదాకా ఆ రికార్డింగు ఒక్కరికీ చేరలేదు.

మరి అంతా విన్నానని, ఆఖరి పాట బ్రహ్మాండమని బాబాయి ఎలా అన్నాడంటావా? పాపం, నిలదీయకు. నువ్వు గిన్నెలు తోముతూ ఆ పాట పాడుతున్నప్పుడు ఆయన్ని గుమ్మం అవతల ఎన్నిసార్లు చూశానో. చేతిలో పేపరు ఉండేది, పేజీ మాత్రం తిరిగేది కాదు.

నీ అక్క కూతురు