మాస్టారి కుర్చీ

మాస్టారూ,

మీరు పోయాక ఉక్కునగరం పిల్లల పదకొండో తరగతి ఇంగ్లీషు పాఠాల ప్లాను నా మీద పడింది. చదవడం, రాయడంతో పాటు మీరు పట్టుబట్టిన వాదన కూడా పెట్టాను. మొదటి అంశం, సముద్రపు చేప రుచా, గోదావరి చేప రుచా? గెలిచినవాళ్లు కుర్చీ మారి ఎదుటి పక్షాన మాట్లాడాలన్న మీ నియమం అలాగే ఉంచాను.

ఇవాళ స్టాఫ్‌రూమ్‌లో కొత్త మాస్టారు అప్పలరాజు ఎగిరిపడ్డాడు.

"పోర్షనే అవట్లేదు మేడమ్, మళ్లీ ఈ సేపల గొడవేటి?"

ఏళ్ల తరబడి నేను మీతో అన్నదీ అదే! నవ్వాపుకుని మీ జవాబే చెప్పాను.

"ఎందుకని అడగడం రాకపోతే పోర్షన్ అయి ఏం లాభం?"

ఒప్పుకున్నాడు. అప్పుడు చూసుకుంటే, కిటికీ పక్కన మీ కుర్చీలో ఉన్నాను. గెలిచాను కనక, నియమం ప్రకారం లేవాలి.

లేవలేదు మాస్టారూ. కావాలంటే వచ్చి వాదించండి.