ఇల్లొచ్చింది

తిరుపతి, మంగళవారం

ఇళ్ల సర్వేలో ఈ రోజు ఒక కుటుంబాన్ని నా చేతులారా ముంచాను. మిషను కుట్టే జరీనాను సొంత ఇల్లుందా అని అడిగితే, "ఇల్లొచ్చింది మేడం" అంది సంబరంగా. ట్యాబులో 'ఉంది' అని నొక్కి ఫారం పంపేశాను.

"యాడుండాది?" అని తర్వాత అడిగాను.

"గుట్ట కింద. నాలుగు రాళ్లు పాతి పట్టా ఇచ్చినారు. ఇల్లు మేమే కట్టుకోవల్ల."

ఇక్కడ పట్టా వస్తే ఇల్లొచ్చిందనే అంటారు. మా అమ్మా అంతే. ఇక్కడే పుట్టి పెరిగిన నాకు అప్పుడెందుకు తట్టలేదు? వాళ్లుంటున్న అద్దెగదిలో చెమ్మగోడకు ఆనుకుని జరీనా కూతురు ఆయాసపడుతోంది. పంపిన ఫారం మార్చలేమన్నాడు ఫోన్లో సూపర్‌వైజరు. ఇక వాళ్లు ఇల్లు లేనివాళ్ల జాబితాలోకి రారు, కట్టుకోడానికి సర్కారు డబ్బూ రాదు. ఎవరి కాళ్లు పట్టుకోను?

వచ్చేస్తుంటే జరీనా నా చెయ్యి పట్టుకుంది. "బాగా రాసినారు కదా మేడం?"

తలూపాను.