మెరుపు కాగితం మీద కొట్టకు

డేవిడూ, బాపు జ్ఞాపకార్థ కూడికకు కుర్చీలు మాట్లాడనీకి పోతున్న. బాపు పెద్ద ఫొటో ప్రింటు మెరుపు కాగితం మీద కొట్టకు. మెరిస్తేనే మంచిగుంటదని నువ్వంటవ్, తెలుసు. బీరువల పత్తి కాగితం ఉంది, అది తీయి. సిరా ఏ దిక్కు పట్టుతదో తెల్వకుంటే, బాపు కాగజ్‌నగర్ కాగితాల మిల్లుల చేసినట్టే మూల తడి పెదవికి ఆనించి చూడు. అంటుకున్నదే సరైన దిక్కు. కొట్టినంక ఒక దినం ఆరనియ్యి, జల్ది జల్ది అద్దం బిగించకు.

నిన్న రెండిటి మీద చిన్నగ కొట్టి చూసిన. మెరుపు కాగితం మీద బాపు వెనక తలుపుల ఒట్టి నలుపే. పత్తి కాగితం మీద గా నలుపుల మనల కన్న అవ్వ నిలవడ్డది. చీర అంచు, గాజుల చెయ్యి సక్కగ కనవడుతున్నయి. ఆ ఫొటో తీసిన్నాటికి అవ్వ పోయి ఏడాది.

"ఫొటోల నేనొక్కణ్ణే లేను బిడ్డా" అని బాపు ఎన్నిసార్లన్నడో. నువ్వు నవ్వినవ్. నేను కసిరిన.

అక్క

మర్చిపోయిన. అవ్వ వస్తదని బాపు ఎన్నడూ గొళ్లెం పెట్టనియ్యని అర్రకు, ఆయన పోయిన్నాడే నేను పెట్టిన. లేవంగనే తియ్యి. నాకు చేతులు వస్తలేవు.