ఎల్లాజీ ఖాతాలో కోసిన ఐదు వందల అరవై రూపాయలు

పెందుర్తి,
12-7-2004

బ్రాంచి మేనేజరు గారి సముఖమునకు, పోర్టులో లారీ కాటా దగ్గర చీటీలు రాయువాడును, తొమ్మిదో తరగతి తప్పినవాడును అగు కర్రి త్రినాథరావు పెట్టుకొను అర్జీ.

విషయం: కళాసీ గండి ఎల్లాజీ సేవింగ్స్ ఖాతాలో చార్జీల కింద కోసిన రూ. 560 తిరిగి జమ చేయుట గురించియు, అసలు తప్పు ఎవరిదో తెలియపరచుట గురించియు.

అయ్యా,

ఈ కాగితం పట్టుకొని తమ టేబులు ముందు నిలబడినవాడే సదరు ఎల్లాజీ. ఒకసారి చెబితే కూర్చోడు, రెండుసార్లు చెప్పవలెను. నడుము పట్టేసి రెండు నెలలుగా ఓడ పనికి పోలేదు. అతనికి అక్షరం రాదు, తమ దగ్గర వేలిముద్రే ఉండును. ఈ అర్జీ తన పేరున రాసినానని అనుకుంటున్నాడు. మా వీధిలో రేషను కార్డు మొదలు కరెంటు మీటరు దాకా అందరి అర్జీలూ నేనే రాయుదును గనుక అనుమానం రాదు.

1. జనవరిలో అతని ఖాతాలో రూ. 1,050 ఉండెను. అతని భార్య సీతాలు ఇడ్లీ బండి మీద కూడబెట్టినది. ఈ నెల రెండో తేదీన ఆ బండి ఇరుసు విరిగి వెల్డింగు షాపులో పడి ఉన్నది. తొమ్మిది వందలు ఇస్తేగాని షాపువాడు బండి కదలనివ్వడు. మొన్న శుక్రవారం డబ్బు తీయబోతే తమ గుమాస్తా గారు నాలుగు వందల తొంభై ఉన్నదని చెప్పినారు. ప్రస్తుతం సీతాలు నెత్తిన గిన్నె పెట్టుకొని తిరుగుతున్నది. సగం ఇడ్లీలు తిరిగి ఇంటికే వస్తున్నవి.

2. ఇక నా సంగతి. జనవరిలో ఒకరోజు టీ బడ్డీ దగ్గర ఎల్లాజీ తన కొత్త పాసుబుక్కును ప్లాస్టిక్ కవరులోంచి తీసి నలుగురికీ చూపించెను. నాకు ఒళ్లు దురద పుట్టెను. జేబులో నా చెక్కుబుక్కు ఉన్నది, అది వేరే బ్యాంకుది, నిల్వ నూట పన్నెండు రూపాయలు. అందులో ఒక చెక్కు మీద నాలుగు వేలు రాసి, కోడిగీతల సంతకం పెట్టి, "ఒరే ఎల్లాజీ, గోధుమ ఓడ బేగి దింపినారని కంపెనీవోలు ఇనాం పంపినారు, ఇది నీ వంతు" అని ఇచ్చితిని. మర్నాడు అందరికీ చూపిస్తాడు, అందరం నవ్వుకొని టీ తాగుదుము, అంతే నా లెక్క. అతను ఎవరికీ చూపలేదు. మిగతావాళ్లకు రాలేదేమో, బాధపడతారేమో అని గుట్టుగా తెచ్చి తమ చెక్కుల పెట్టెలో వేసినాడు.

వారం తరువాత చెల్లని చెక్కు పట్టుకొని నా దగ్గరికే వచ్చి, "ఏటి బావ ఇది, కంపెనీవోలి కాడ డబ్బుల్లేవంట" అన్నాడు. అప్పుడైనా చెప్పవలసినది. "పెద్దోలకీ కష్టాలుంటాయిరా" అని, దానిని చింపి టీ పొయ్యిలో వేసినాను. ఈ చెక్కు నిమిత్తం అతని ఖాతాలో కోసినది రూ. 110. నా బ్యాంకు నాకూ కోసినది. అది న్యాయమే, ఆ విషయమై నాకు ఫిర్యాదు లేదు.

3. అంతటితో నిల్వ తొమ్మిది వందల నలభైకి దిగినది. వెయ్యికి తగ్గరాదని తమ రూలు. అరవై రూపాయలు తక్కువైనందుకు మార్చిలో రూ. 225, జూనులో మళ్లీ రూ. 225 కోసినారు. లేనివాడి దగ్గర లేదని చెప్పి ఇంకా లాక్కొనుట తొమ్మిదో తరగతి దాకా మాకు చెప్పలేదు, ఆ పైన చెబుతారేమో తెలియదు.

అయితే తమరిని అనేందుకు నాకు నోరు లేదు. ఆ మార్చి కోతకు ముందే, ఉగాది వారంలో, తమరు ఇంగ్లీషులో ఉత్తరం పంపినారు. దానిని చదివి పెట్టమని ఎల్లాజీ నా దగ్గరికి తెచ్చెను. మినిమం బ్యాలెన్సు అన్న ముక్క నాకు అర్థమైనది. అయినను, "మేనేజరు గారు నీకు ఉగాది శుభాకాంక్షలు రాసినారురా, చల్లగా ఉండమన్నారు" అని చదివితిని. బడ్డీ దగ్గర అందరూ నవ్విరి. అతనూ నవ్వెను, సంతోషం కొద్దీ. ఆ ఉత్తరం నేటికీ వాళ్లింట్లో సింహాద్రి అప్పన్న పటం వెనుక ఉన్నది. నేను సరిగా చదివి ఉంటే అరవై రూపాయలు ఆ సాయంత్రమే కట్టి ఉండును.

4. శుక్రవారం పాసుబుక్కు తెచ్చి నా ముందు పెట్టి అతను అన్నమాట యథాతథంగా: "బావ, మేనేజరు బాబు మంచోడు, పండక్కి నాకు ఉత్తరం రాసినాడు. ఇది కంప్యూటరు తప్పు అయ్యుంటాది. నువ్వు నోరు పారేసుకోకుండా మర్యాదగా రాయి."

నేను ఆరు వందలు తీసి ఇవ్వబోతే పుచ్చుకోలేదు. "తప్పు బ్యాంకుదయితే నీ కాడ నానెందుకు తీసుకుంతాను" అన్నాడు. నేను ఆ నోట్లు మళ్లీ జేబులో పెట్టుకొని, మర్యాదగానే రాస్తానంటిని. ఆనాటి నుండి సీతాలు పొద్దున్నే నాకు రెండు ఇడ్లీలు పంపుతున్నది. బావ అర్జీ రాస్తన్నాడు కదా అని డబ్బు తీసుకోదు. మూడు రోజులుగా తింటున్నాను. తినకపోతే ఎందుకని అడుగును.

5. కావున తమరు దయతో ఆ రూ. 560 అతని ఖాతాకు తిరిగి వేయించవలెను. రూల్సు ఒప్పుకోకపోతే ఈ కవరులో ఆరు వందలు ఉన్నవి, నోట్లే, చెక్కు కాదు. అందులోంచి జమ కట్టి, ఈ రోజే అతని చేతికి తొమ్మిది వందలు ఇప్పించవలెను. నిల్వ వెయ్యికి తగ్గుతుంది గనుక ఈసారి ఉత్తరం నా పేరున పంపవలెను.

పై సంగతులు నమ్మి చిత్తగించమని కోరుచు,

తమకు విధేయుడు, ఎల్లాజీకి ముద్దాయి,
కర్రి త్రినాథరావు

మనవి: అయిదో అంశం కింద "దీనిని బిగ్గరగా చదవవద్దు" అని ఒక వాక్యం రాసి కొట్టివేసినాను. కొట్టివేత నాదే. బిగ్గరగానే చదవండి. నేను రాసినది గనుక ఏదో వేళాకోళమనుకొని మధ్యలో అతను నవ్వవచ్చు, అయినా ఆపవద్దు. శుభాకాంక్షల దగ్గర మాత్రం కొంచెం నెమ్మదిగా చదవండి. నేను బయట గుమ్మానికి ఎదురుగా సైకిలు స్టాండు దగ్గర ఉన్నాను. తమ బ్యాంకుకు ఉన్నది ఒక్కటే గుమ్మం.